ఫ్రిజ్ ఊర్లో, మనం దుబాయ్‌లో: ఫోన్ మీద రిపేరు ఎట్ల చూడాలె

నేను దుబాయ్‌లో బిల్డింగ్ సైటు మీద సూపర్‌వైజర్‌గ చేస్తున్న. మాది జగిత్యాల దిక్కు. అప్పట్ల ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడ్ చదివిన. అందుకే కావచ్చు, ఈ వారం నన్ను ఈ ముచ్చట చెప్పమన్నరు.

ముచ్చట ఏందంటే, ఇంటికాడ వస్తువు పాడైతది. ఫ్రిజ్, మిక్సీ, మోటారు, కూలరు, ఏదన్నా కావచ్చు. మన ఇంటామె ఫోన్ చేస్తది. మనం ఇక్కడి నుంచి "స్విచ్ వేసినవా? ప్లగ్గు సరిగ పెట్టినవా?" అని మొదలుపెడతం. ఆమె "అన్నీ చేసిన" అంటది. రెండు నిమిషాల్లో మాట మాట పెరుగుతది. ఫోన్ పెట్టేస్తరు. వస్తువు మాత్రం అట్లనే ఉంటది. మన రూములల్ల ఇది వారానికొకసారన్న వినపడుతది.

నేను చెప్పేది ఒక్కటే. ఫోన్‌లో రిపేరు చూసేటప్పుడు ఇంట్లో ఉన్నామె మన చేతులు కాదు. ఆమె కండ్లు, చెవులు, ముక్కు. ఆ మిషను దగ్గర రోజూ ఉండేది ఆమె. దాని మంచి రోజు ఎట్లుంటదో, చెడ్డ రోజు ఎట్లుంటదో ఆమెకు తెలిసినంత మనకు తెల్వది. మనకు తెలిసింది ఆ మిషను లోపల పని ఎట్ల జరుగుతదనేది. ఈ రెండూ కలిస్తేనే పని అయితది.

మా ఇంట్ల ఫ్రిజ్ ముచ్చటతోని చెప్తే మీకు సాఫ్‌గ అర్థమైతది.

మాది ఒక డోరు ఫ్రిజ్, ఏడేండ్ల కిందటిది. మే నెల. నడి ఎండకాలం. ఇక్కడ రాత్రి 8 గంటలు, అంటే ఊర్ల 9:30. బోటిమ్‌ల ఫోన్ వచ్చింది. "ఇగో, ఇంటున్నరా, ఫ్రిజ్ల లైటు వెలుగుతుంది గని చల్లగ లేదు. పొద్దుగాల పోసిన పాలు ఇరిగినయ్." పాలు పోతే పోయినయ్. నాకు గుండెల దడ పుట్టింది వేరే దానికి. మా అమ్మకు షుగరు. నెలకు సరిపోయే ఇన్సులిన్ సీసాలు ఆ ఫ్రిజ్లనే ఉంటయి.

నేను అడగకముందే మా ఇంటామె చెప్పింది: "అత్తమ్మ ఇన్సులిన్ పక్కింటి వదినోళ్ల ఫ్రిజ్ల పెట్టి వచ్చిననే ఫోన్ చేసిన. తలుపు అరల పెట్టిన, ఐసు దిక్కు పెట్టలే."

ఈ ఒక్క మాటల ఎంత తెలివి ఉందో చూడండి. తెరవని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలె. ఎండకు ఎట్ల పాడైతదో, గడ్డ కట్టినా అట్లనే పాడైతది. ఒకసారి ఐసైన ఇన్సులిన్ కరిగినంక చూస్తే మంచిగనే కనిపిస్తది గని వాడొద్దు. అందుకే ఐసు అరల, వెనక చల్లటి గోడకు ఆనిచ్చి పెట్టొద్దు. తెరిచి వాడుతున్న సీసా అయితే చాలా రకాలు మామూలు గది వేడిల నాలుగు వారాల దాక ఉంటయి. కానీ గది వేడి అంటే 25, 30 డిగ్రీల లోపల. మా దిక్కు మే నెలల ఇంట్ల అంతకంటె ఎక్కువే ఉంటది. ఆ వాడే సీసాను చిన్న స్టీలు డబ్బల పెట్టి, ఆ డబ్బను తడి ఇసుక పోసిన మట్టి కుండల పెట్టింది. అది ఫ్రిజ్ అంత చల్లగ కాదు గని ఎండ దెబ్బ తగలకుండ కాపాడుతది. డబ్బ మీది కాయిదంల ఏం రాసుందో చదవాలె, అనుమానం ఉంటే డాక్టరును అడగాలె. మందు విషయంల అందాజ వద్దు.

కాబట్టి మొదటి మాట: మిషను సంగతి తర్వాత, ముందు మిషన్ల ఉన్నదాన్ని కాపాడుకోవాలె. ఫ్రిజ్ ఆగినా తలుపు తెరవకుండ ఉంచితే లోపల చల్లదనం సుమారు నాలుగు గంటలు నిలుస్తది. "ఏమైందో చూస్త" అని పది సార్లు తలుపు తీసుడు పెట్టుకోవద్దు.

ఇగ అసలు పనికి వద్దాం. సైటు మీద పంపు ఆగితే నేను ముందు పంపు దగ్గరికి పోను, దాని పక్కన నిలబడే ఆపరేటరు దగ్గరికి పోత. "ఆగే ముందు ఎట్ల మోగింది? వాసన ఏమన్న వచ్చిందా? ఎప్పటి నుంచి?" అని అడుగుత. సగం జవాబు అక్కడనే దొరుకుతది. ఇంట్ల కూడా గంతే. ఆ రాత్రి మా ఇంటామెను అడిగిన ప్రశ్నలు ఇవి. ఒక్కదానికి కూడా స్క్రూడ్రైవరు అవసరం లేదు.

ఒకటి, లైటు వెలుగుతుందా? వెలుగుతుంది. అంటే ఫ్రిజ్ దాక కరెంటు వస్తుంది. కానీ లైటు వెలిగితే వోల్టేజి సరిపోయినట్టు కాదు. తక్కువ కరెంటుకు కూడా లైటు వెలుగుతది, కంప్రెసరు మాత్రం లేవది.

రెండు, స్టెబిలైజరు మీద నెంబరు ఎంత? మాదాంట్ల లోపలికి వచ్చేది, బయటికి ఇచ్చేది రెండూ కనిపిస్తయి. వచ్చేది 172, ఇచ్చేది 204 అని చదివింది. ఉండాల్సింది 230 దగ్గర. ఎండకాలం రాత్రి ఊరంత కూలర్లు, ఏసీలు నడుస్తయి గదా, వోల్టేజి పడిపోతది. దీన్ని అనుమానం పెట్టుకున్న.

మూడు, చప్పుడు ఎట్లుంది? ఇక్కడనే అసలు విషయం పడ్డది. ఆమె ఏమన్నదంటే, "రోజు రాత్రి దాని చప్పుడు ఇంటుంటనే నిద్ర పడతది. రెండు రోజుల సంది ఆ చప్పుడు లేదు. గుర్రుమని కొద్దిసేపు అంటది, టిక్కుమంటది, ఇగ సప్పుడు చేయది. మళ్ల కొద్దిసేపటికి గట్లనే." నాకు ఫోన్‌లో ఏం వినపడలేదు. మీకూ వినపడదు, ఎందుకంటే కాల్ నడిచేటప్పుడు ఫోను వెనక వచ్చే గుయ్యిమనే చప్పుడును రొద అనుకొని తీసేస్తది. అందుకే కాల్ కట్ చేసి, ఫోను ఫ్రిజ్ వెనక పట్టుకొని అయిదు నిమిషాలు వీడియో తీసి వాట్సాప్‌ల పంపమన్న. పంపింది. గుర్రుమనుడు పది సెకండ్ల లోపు, తర్వాత టిక్, తర్వాత మూడు నిమిషాల దాక మౌనం. మళ్ల అదే.

నాలుగు, కాలిన వాసన ఉందా? లేదన్నది.

అయిదు, వెనక నల్ల జాలీ లెక్క ఉన్న పైపులు వెచ్చగ ఉన్నయా? కింద ఉండే నల్ల గుండ్రటి కంప్రెసరును ముట్టుకోవద్దని ముందే చెప్పిన, అది కాలుతది. పైపుల దగ్గర చెయ్యి పెట్టి చూడమన్న. "గోడ లెక్కనే ఉన్నయి" అన్నది. ఫ్రిజ్ నడుస్తుంటే లోపలి వేడిని తెచ్చి ఆ పైపుల నుంచే బయటికి వదుల్తది. పైపులు వెచ్చగ లేవంటే కంప్రెసరు తిరుగుతలేకపోవచ్చు.

ఈ టిక్ ఎందుకు వస్తదో చెప్త. కంప్రెసరు లోపల ఒక మోటారు ఉంటది. అది నిలబడ్డ చోటు నుంచి లేవాలంటే మొదటి క్షణంల ఎక్కువ బలం కావాలె. ఆ బలం ఇచ్చేందుకు కంప్రెసరు పక్కన చిన్న నల్ల మూత కింద రిలే ఉంటది. దాని తోడు ఓవర్‌లోడ్ అని ఇంకొక చిన్న సామాను. రిలే సాయం చేయకుంటే మోటారు లేవలేక గుర్రుమంటది. అప్పుడు మామూలు కంటె ఎన్నో రెట్లు కరెంటు గుంజుతది, వేడెక్కుతది. కాలిపోతదని ఓవర్‌లోడ్ టిక్కుమని కరెంటు ఆపేస్తది. చల్లారినంక మళ్ల కలుపుతది. మళ్ల గుర్రు, మళ్ల టిక్. అంటే ఆ టిక్ జబ్బు కాదు, జబ్బు నుంచి కాపాడే కాపలా. కానీ గట్ల రోజుల తరబడి వదిలేస్తే నిజంగనే కంప్రెసరు కాలుతది. అందుకే ఆ రాత్రి ప్లగ్గు పీకి పెట్టమన్న.

ఈ లక్షణానికి కారణాలు ముఖ్యంగ మూడు. వోల్టేజి తక్కువ, రిలే ఖరాబు, లేకుంటే కంప్రెసరే పట్టేసింది. ఏదో తేల్చాలంటే ఒక్కసారి ఒక్కటే మార్చి చూడాలె. అన్నీ ఒకేసారి మారిస్తే దేనితోని బాగైందో తెల్వది.

పొద్దున 6 గంటలకు వోల్టేజి మంచిగుంటది. అప్పుడు చూడమన్న. వచ్చేది 224, ఇచ్చేది 226. ముందు అదే గోడ ప్లగ్గుల మిక్సీ పెట్టి తిప్పింది, జోరుగ తిరిగింది. అంటే ప్లగ్గు, వైరు మంచిగున్నయి. తర్వాత ఫ్రిజ్ పెట్టింది. గుర్రు, టిక్. రాత్రంత చల్లారిన కంప్రెసరు, నిండు వోల్టేజి, అయినా లేవలేదు. కాబట్టి వోల్టేజి కాదు. మిగిలింది రిలేనా, కంప్రెసరా.

ఇక్కడ నేను ఆగిన. నల్ల మూత తీయమని ఫోన్‌లో చెప్పలేదు, చెప్పను కూడా. కొన్నిట్ల అక్కడ కెపాసిటరు ఉంటది, ప్లగ్గు పీకినా అందుల కరెంటు నిలిచి ఉంటది. సైటు మీద మనం లాక్ వేసి, ట్యాగ్ కట్టినంకనే మిషను ముడతం గదా. ఇంటామెకు ఆ ట్రైనింగ్ ఇవ్వకుండ ఆ పని చెప్పుడు న్యాయం కాదు. చూసుడు, వినుడు, వాసన పట్టుడు, ప్లగ్గు పీకుడు: ఫోన్ మీద చెప్పే పని ఇంతవరకే.

ఆ రోజు మెకానిక్ వచ్చిండు. వెనక చెవి పెట్టి విన్నడు. "కంప్రెసరు పోయిందమ్మా, 7,000 అయితది. ఇంకొన్ని వేసుకొని కొత్తది కొనుక్కోండి" అన్నడు. ఆయన్ను నేను మోసగాడు అంటలేను. ఎండకాలంల ఇల్లిల్లు తిరిగే మనిషి, తొందరల చెప్పిండు. మా ఇంటామె రెండు పనులు చేసింది. మొదటిది, బీరువల గ్యాసు బుక్కు పక్కన పెట్టిన ఫ్రిజ్ బిల్లు తీసి చూపించింది. మన దగ్గర చాలా కంపెనీలు మొత్తం ఫ్రిజ్‌కు ఒక ఏడాది, కంప్రెసరుకు పదేండ్ల దాక వారంటీ ఇస్తయి. మాదానికి పదేండ్లు రాసి ఉంది. "కంప్రెసరే పోతే కంపెనీకి చెప్త గదా అన్నా" అన్నది. ఆ బిల్లు సంగతి నాకు యాదికి కూడా రాలేదు, ఆమెకే తట్టింది.

రెండోది, "ఆ నల్ల మూత తీసి రిలే ఊపి చూసినవా?" అని అడిగింది. ఈ ఊపుడు ముచ్చట రాత్రి నేను చెప్పిన. ఇప్పటి ఫ్రిజ్‌లల్ల ఎక్కువగ వచ్చే పీటీసీ రిలే లోపల చిన్న బిళ్ల ఉంటది. మంచి రిలేను చెవి దగ్గర ఊపితే చప్పుడు రాదు. బిళ్ల పగిలితే గలగలమంటది. మెకానిక్ ప్లగ్గు పీకి, మూత తీసి, రిలే బయటికి గుంజి ఊపిండు. ఆయనకు వినపడ్డది, ఆమెకూ వినపడ్డది. గలగల.

కొత్త రిలే, ఓవర్‌లోడ్ రెండూ కలిపి 400, చేతి కూలి 300. మొత్తం 700. పెట్టి ప్లగ్గు వేసినంక గంటల పైపులు వెచ్చబడ్డయి. చల్లదనం మంచిగ పట్టినంక మరునాడు ఇన్సులిన్ వాపసు తెచ్చింది, అప్పటిదాక తేలే. చల్లబడకముందే తెచ్చుడు మంచిది కాదని నేను చెప్పే పని కూడా పడలేదు.

అందరి ఇండ్లల్ల గిట్లనే అయితదని కాదు. కొత్త రిలే పెట్టినా టిక్కుమంటే కంప్రెసరే పోయిందనుకోవాలె. మీది ఇన్వర్టర్ ఫ్రిజ్ అయితే ఈ రిలే లెక్క పని చేయది, దానికి బోర్డు ఉంటది, కంపెనీ మనిషినే పిలవాలె. కానీ 7,000 ఖర్చు పెట్టే ముందు 400 సామాను సంగతి అడుగుడు అందరికీ పనికొస్తది. ఆ తేడా మనకు ఎన్ని రోజుల ఓవర్‌టైమో లెక్క వేసుకోండి.

ఇగ ఏ వస్తువుకైనా పనికొచ్చే మాటలు కొన్ని చెప్త.

హుకుం వద్దు, ప్రశ్న అడగండి. "ప్లగ్గు సరిగ పెట్టు" అంటే తప్పు ఆమెదే అన్నట్టు వినపడతది. "ప్లగ్గు ముట్టుకుంటే వేడిగ ఉందా, పెట్టినప్పుడు లూజుగ ఊగుతుందా?" అంటే అది ప్రశ్న. జవాబుల సమాచారం వస్తది, కోపం రాదు.

"మంచిగున్నప్పుడు ఎట్లుండేది, ఇప్పుడు ఎట్లుంది?" అని తప్పకుండ అడగండి. ఫ్రిజ్ పాడైందని నాకు చెప్పింది మీటరు కాదు, "ఆ చప్పుడు ఇంటుంటనే నిద్ర పడతది" అన్న మాట. పదేండ్లు ఐటీఐ చదివినా ఆ మాట నాకు పుస్తకంల దొరకది.

బయటి నుంచి లోపలికి రండి. ముందు ఊర్ల కరెంటు, తర్వాత మెయిను, ప్లగ్గు, వైరు, స్టెబిలైజరు, ఆఖరుకు మిషను. మిక్సీ ఆగితే ముందు కింద ఉన్న ఎర్ర బటను చూడమనండి. పప్పు గట్టిగ పడి బరువెక్కితే అది బయటికి వస్తది. ప్లగ్గు పీకి, పది పదిహేను నిమిషాలు చల్లారనిచ్చి, జార్ల సరుకు తగ్గించి, ఆ బటను లోపలికి నొక్కితే చాలాసార్లు మళ్ల తిరుగుతది. దీనికి మెకానిక్ వద్దు.

కరెంటు పోయి వస్తే ఫ్రిజ్‌ను ఎంటనే వేయొద్దు. లోపలి గ్యాసు ఒత్తిడి సమానం కావడానికి మూడు నుంచి అయిదు నిమిషాలు కావాలె. స్టెబిలైజరు ఆలస్యంగ కలిపేది గందుకే. "స్టెబిలైజరు పని చేస్తలేదు" అని దాన్ని తీసేసి డైరెక్టుగ పెట్టేటోళ్లున్నరు, అది తప్పు పని.

కొన్ని మాటలు వింటే ఎంటనే "వదిలెయ్, దూరం జరుగు" అనాలె. "ముట్టుకుంటే చురుక్కుమంటుంది" అంటే ఎర్తింగు లేదు, లేకుంటే కరెంటు బాడీకి వస్తుంది. మళ్ల ముట్టుకోకుండ మెయిన్ల ఆ లైను ఎంసీబీ దించాలె. ఎంసీబీ మళ్ల మళ్ల పడిపోతుంటే దాన్ని లేపుడు ఆపాలె, అది పడేది ప్రాణం కాపాడనీకే. కాలిన వాసన, పొగ, కింద నీళ్లు ఉంటే మిషను దగ్గరికి పోవద్దు, మెయిను బంద్ చెయ్యాలె. తడి చేతులు, ఉత్త కాళ్లు అసలే వద్దు.

ఫ్రిజ్‌కు ఇంకొక జాగ్రత్త. వెనక స్టిక్కరు మీద ఆర్ 600ఎ అని ఉంటే అందుల గ్యాసు మంట అంటుకునేది. ఐసు రాలేదని, ఐసు ఎక్కువైందని కత్తితోని గోకొద్దు. పైపుకు చిల్లు పడితే గ్యాసు పోతది, దగ్గర మంట ఉంటే ప్రమాదం. తలుపు తీసి పెట్టి, దానంతట అదే కరగనివ్వాలె.

ఇంకొక ముచ్చట చెప్పి ముగిస్త. మనం నెల నెల పైసలు పంపుతం, అక్కడ ఇల్లు నడుస్తది అనుకుంటం. నడిపేది ఆమె. కరెంటు బిల్లు, పిల్లల ఫీజు, అమ్మ ఇన్సులిన్, మెకానిక్‌తోని బేరం, అన్నీ. మెకానిక్ ముందట నిలబడి "మూత తీసి చూసినవా" అని అడిగేటందుకు ధైర్యం కావాలె. ఆ ధైర్యం రావాలంటే, ఎందుకు అడుగుతున్నదో ఆమెకు తెలిసి ఉండాలె. కాబట్టి ఫోన్‌లో "నేను మాట్లాడుత, ఆయనకు ఫోనియ్యి" అనుడు కాదు. లోపల ఏం జరుగుతదో ఆమెకే చెప్పండి. మిషను లోపలి ముచ్చట ఆడోళ్లకు అర్థం కాదనేది ఉత్త మాట. రోజూ కుక్కరు విజిలు లెక్కబెట్టి ఒత్తిడి కనిపెట్టేటోళ్లకు కంప్రెసరు ఒత్తిడి అర్థం కాదా?

ఈ రోజు రాత్రి ఫోన్ చేసినప్పుడు ఒక పని చేయండి. అయిదు ఫొటోలు పంపమనండి: ఫ్రిజ్ వెనక స్టిక్కరు, దాని బిల్లు, వారంటీ కాయిదం, స్టెబిలైజరు నెంబర్లు, ఇంటి మెయిన్ బోర్డు. ఫోన్‌ల ఒక ఫోల్డరు చేసి పెట్టుకోండి, ఆమె ఫోన్‌ల కూడా ఉండనీయండి. మెయిను ఎక్కడుందో, ఏ ఎంసీబీ దేనిదో ఇంట్ల పెద్ద పిల్లలకు కూడా తెలిసి ఉండాలె. మంచిగ నడిచే ఫ్రిజ్ చప్పుడు ఒక్క నిమిషం రికార్డు చేసి పెట్టుకుంటే ఇంకా మంచిది. రేపు చప్పుడు మారితే పోల్చి చూసుకోవచ్చు.

మీ ఇండ్లల్ల ఏ వస్తువు సతాయిస్తుందో రాయండి, నాకు తెలిసినకాడికి చెప్త. డ్యూటీల జాగ్రత్త, ఎండల నీళ్లు తాగుడు మరువకండి. ఉంట మరి, నమస్తే.